కారు అద్దం తిప్పే హ్యాండిల్ విరిగితే

కారు తలుపుకు లోపలివైపు, మోచేయి ఆనే చోటికి కాస్త ముందు ఉండే పిడి వైండర్ హ్యాండిల్. ఒకవైపు తిప్పితే అద్దం దిగుతుంది, రెండోవైపు తిప్పితే ఎక్కుతుంది. మోటారు, స్విచ్చు, వైరు ఏవీ లేని ఏర్పాటు ఇది. విరిగినా, అరిగి ఊరికే తిరుగుతున్నా ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. కొత్త హ్యాండిల్, ఒక పాత గుడ్డ పేలిక, కాస్త ఓపిక ఉంటే పని అయిపోతుంది. అయితే అది ఎందుకు విరిగిందో చూడకుండా మారిస్తే కొత్తదీ ఎక్కువ కాలం నిలవదు. చాలాసార్లు అసలు జబ్బు హ్యాండిల్లో ఉండదు, తలుపులో ఉంటుంది.

బటన్ నొక్కితే కదిలే అద్దాలు అమెరికాలో 1940లోనే ప్యాకార్డ్ కార్లలో వచ్చాయి. మన చిన్న కార్ల దాకా ఆ సౌకర్యం రావడానికి అర్ధ శతాబ్దం పైనే పట్టింది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800, 2014 జనవరిలో తయారీ ఆగిపోయేదాకా దాదాపుగా చేతితో తిప్పే అద్దాలతోనే నడిచింది. అదే ఏడాది మేలో ఆగిపోయిన అంబాసిడర్‌దీ అదే దారి. ఆల్టో, ఇండికాల్లో తక్కువ ధర మోడళ్లు, 2005లో వచ్చిన టాటా ఏస్, పాత బొలెరోలు కూడా ఈ కోవలోవే. నిజామాబాద్, ఆర్మూర్, బోధన్, నందిపేట్ రోడ్ల మీద ఇలాంటి బండ్లకు ఇప్పటికీ కొదవ లేదు. చేతులు మారిన కారు కొనుక్కున్న ఇంట్లోనో, పసుపు బస్తాలూ కూరగాయలూ మోసే చిన్న ట్రాలీలోనో ఈ హ్యాండిల్ రోజూ తిరుగుతూనే ఉంటుంది. పాతకాలపు వస్తువని తీసిపారేయడానికి లేదు. బ్యాటరీ దిగిపోయినా, వాగు నీళ్లు చేరి కరెంటు పోయినా చేతితో తిప్పే అద్దం దిగుతుంది. బటన్ అద్దానికి ఆ భరోసా లేదు.

హ్యాండిల్ నడుమ ఉండే రంధ్రంలో సన్నని పళ్లు చుట్టూ వరుసగా ఉంటాయి. తలుపులోంచి పొడుచుకొచ్చే ఇనుప ఇరుసు కొసకూ అలాంటి పళ్లే ఉంటాయి. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతాయి. ఇరుసు రెండో కొసన, తలుపు లోపల, ఒక చిన్న పళ్ల చక్రం ఉంటుంది. అది పెద్ద పళ్ల రేకును కదిపితే, ఆ రేకుకు బిగించిన ఇనుప చేతులు కత్తెరలా తెరుచుకుంటూ అద్దాన్ని పైకి నెడతాయి. కొన్ని మోడళ్లలో ఈ చేతులకు బదులు సన్నని ఉక్కు కేబుల్ ఉంటుంది. ఈ మొత్తం అమరికను కంపెనీలు రెగ్యులేటర్ అంటాయి, స్పేర్ పార్ట్స్ దుకాణంలో మాత్రం గ్లాస్ మిషన్ అని అడిగితేనే తొందరగా దొరుకుతుంది. అందులో ఇరుసు చుట్టూ ఒక గట్టి స్ప్రింగు బిగించి ఉంటుంది. లోపలినుంచి తిప్పితే అది వదులై దారి ఇస్తుంది, బయటినుంచి అద్దాన్ని కిందికి నొక్కితే బిగుసుకుని ఆపుతుంది. గతుకుల రోడ్డు మీద అద్దం దానంతటది జారిపోకుండా ఉండేది ఈ స్ప్రింగు వల్లే.

హ్యాండిల్ విరగడానికి మొదటి కారణం ఎండ. మే నెలలో 45 డిగ్రీలు దాటే నిజామాబాద్ జిల్లాలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల వేడి అంతకంటే చాలా ఎక్కువ. ఏళ్ల తరబడి అలా కాగిన ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. రెండోది దుమ్ము. వరి కోతలప్పుడు, పసుపు ఉడకబెట్టి ఆరబోసి పాలిష్ పట్టే కాలంలో గాలిలో లేచే పొడి అంతా అద్దం జారే రబ్బరు గాడిలో పేరుకుంటుంది. తడి తగిలితే గట్టిపడుతుంది. అప్పుడు అద్దం ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది, తిప్పే చెయ్యి ఇంకాస్త బలం పెడుతుంది. లోపలిదంతా ఇనుము కాబట్టి అది ఓర్చుకుంటుంది. విరిగేది చేతిలో ఉన్న ప్లాస్టిక్కే. అద్దానికి అంటించిన నల్ల ఫిల్మ్ అంచు లేచి, చుట్టుకుపోయి, రబ్బరులో ఇరుక్కోవడం ఇంకో కారణం. ఆ ఫిల్మును సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లోనే వద్దంది కాబట్టి గీకి తీసేయడమే మేలు.

కొనడానికి వెళ్లే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. హ్యాండిల్ తిరుగుతున్నా ఇరుసు కదలకపోతే హ్యాండిల్ పళ్లు అరిగినట్టే. ఇరుసు తిరుగుతూ అద్దం కదలకపోతే, లోపల కరకరమని చప్పుడొస్తే, మిషన్ పళ్లు పోయి ఉంటాయి, లేదా కేబుల్ తెగి ఉంటుంది. అద్దం ధబ్బున కిందికి పడిపోతే దాని అడుగున పట్టుకునే రేకు ఊడి ఉండొచ్చు. అనుమానం తీరకపోతే సులువైన పరీక్ష ఒకటుంది. పక్క తలుపు హ్యాండిల్ తీసి ఈ ఇరుసుకు తొడిగి తిప్పాలి. అద్దం హాయిగా కదిలితే హ్యాండిల్ ఒక్కటి కొంటే సరిపోతుంది. దానికీ మొండికేస్తే ఖర్చు పెరుగుతుంది, ఎందుకంటే గ్లాస్ మిషన్ ధర హ్యాండిల్ ధరకు ఎన్నో రెట్లు. ఈ పరీక్ష చేయకుండా మిషన్ మార్పించి డబ్బులు పోసుకునేవాళ్లూ, హ్యాండిల్ మీద హ్యాండిల్ విరగ్గొట్టుకునేవాళ్లూ ఉన్నారు.

పాత హ్యాండిల్ ఊడదీసే ముందు అద్దాన్ని పూర్తిగా ఎక్కించి, హ్యాండిల్ ఏ దిక్కుకు ఉందో గుర్తు పెట్టుకోవాలి. ఫోన్లో ఒక ఫొటో తీసుకుంటే చాలు. తర్వాత హ్యాండిల్ మధ్యలో చిన్న మూత ఉందేమో చూడాలి. ఉంటే దాని కింద స్క్రూ ఉంటుంది, స్టార్ స్క్రూడ్రైవర్‌తో విప్పితే హ్యాండిల్ చేతికొస్తుంది. మారుతి లాంటి చాలా కార్లలో స్క్రూ కనిపించదు. అక్కడ హ్యాండిల్ వెనకాల, మెడ దగ్గర, గుర్రపు నాడా ఆకారంలో ఒక స్ప్రింగు తీగ క్లిప్పు దాగి ఉంటుంది. లాగితే రాదు. బలవంతంగా స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే డోర్ ప్యాడ్ చిరుగుతుంది.

గుడ్డ పేలికకు పని ఇక్కడే. జానెడు వెడల్పున్న పాత నూలు గుడ్డను హ్యాండిల్‌కూ దాని వెనకున్న గుండ్రటి ప్లాస్టిక్ బిళ్లకూ మధ్య సందులోకి పోనిచ్చి, రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకోవాలి. బూటు పాలిష్ చేసేవాళ్లు గుడ్డ లాగినట్టు అటూ ఇటూ లాగుతూ కొంచెం కొంచెంగా గుడ్డను మెడవైపు నొక్కుతూ ఉండాలి. గుడ్డ పోగులు క్లిప్పు కొసలకు తగులుకుంటాయి. కాసేపటికి టిక్కుమని క్లిప్పు బయటికి ఎగురుతుంది. నిజంగానే ఎగురుతుంది, సీటు కిందో రోడ్డు మీదో పడితే వెతకడానికే అరగంట పడుతుంది. అందుకని ముందే తలుపు కింద ఒక దుప్పటి పరిచి ఉంచుకోవాలి, కళ్లద్దాలు పెట్టుకుంటే ఇంకా మంచిది. ఒకవైపు నుంచి గుడ్డ పట్టు దొరక్కపోతే హ్యాండిల్‌ను సగం చుట్టు తిప్పి రెండోవైపు నుంచి ప్రయత్నించాలి. క్లిప్పు వచ్చాక హ్యాండిల్‌ను నిటారుగా లాగితే ఊడివస్తుంది. వెనకున్న ప్లాస్టిక్ బిళ్ల పడిపోకుండా చూసుకోవాలి, డోర్ ప్యాడ్ ఒరుసుకుపోకుండా కాపాడేది అదే.

దుకాణానికి వెళ్లేటప్పుడు పాత హ్యాండిల్ వెంట ఉండాలి. ఒకే కారు పేరుతో ఏళ్లు మారేకొద్దీ ఇరుసు మందం, పళ్ల లెక్క, హ్యాండిల్ వంపు మారిపోతుంటాయి. నిజామాబాద్ ఆటోనగర్ లాంటి చోట కంపెనీ సరుకూ, బయటి సరుకూ పక్కపక్కనే దొరుకుతాయి. బయటి సరుకు హ్యాండిల్ కొనొచ్చు గానీ రంధ్రం లోపలి పళ్లు పదునుగా ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడాలి. వీలైతే నడుమ ఇనుప గొట్టం ఉన్నది ఎంచుకోవాలి. క్లిప్పు ఒకటి అదనంగా కొనిపెట్టుకుంటే పాతది వంగినా ఇబ్బంది ఉండదు.

బిగించడం తీయడం కన్నా తేలిక. ఇరుసు మీద ప్లాస్టిక్ బిళ్ల పెట్టాలి. క్లిప్పును ముందే కొత్త హ్యాండిల్ మెడలోని గాడిలోకి తోసి, ఫొటోలో ఉన్న దిక్కుకు హ్యాండిల్‌ను ఇరుసు మీద ఆనించి అరచేత్తో గట్టిగా నొక్కాలి. టిక్కుమన్న చప్పుడు వినపడితే క్లిప్పు కూర్చున్నట్టు. దిక్కు తప్పితే అద్దం మూసి ఉన్నప్పుడు పిడి మోకాలికి తగులుతుంటుంది. పళ్లు సన్ననివి కాబట్టి ఊడదీసి కొద్దిగా జరిపి మళ్లీ తొడుక్కోవచ్చు.

ఇక అద్దం జారే గాడి సంగతి. అద్దం పూర్తిగా దించి, తలుపు ఫ్రేముకు మూడు వైపులా ఉన్న రబ్బరును తడిగుడ్డ చుట్టిన పలచటి ప్లాస్టిక్ స్కేలుతో తుడవాలి. మొదటి తుడుపుకే వచ్చే మట్టి చూస్తే హ్యాండిల్ ఎందుకు విరిగిందో అర్థమైపోతుంది. ఆరాక సిలికాన్ స్ప్రే పలచగా కొట్టి అద్దాన్ని నాలుగైదు సార్లు ఎక్కించి దించాలి. ఇంజిన్ ఆయిల్, గ్రీజు, కొబ్బరి నూనె వాడకూడదు. ఆ పూటకు అద్దం నున్నగా జారుతుంది గానీ, నూనెకు రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము అంటుకుని ముద్ద కడుతుంది, నెల తిరిగేసరికి మునుపటికంటే బిగుసుకుంటుంది. రబ్బరే చిట్లి ఉంటే దాన్ని మార్చడం తప్ప దారి లేదు. దాన్ని గ్లాస్ రన్ లేదా బీడింగ్ అని అడుగుతారు.

మిషనే పోయి ఉంటే పని పెద్దదే గానీ చేయి తిరిగినవాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆర్మ్‌రెస్ట్ స్క్రూలు, లోపలి డోర్ హ్యాండిల్ చట్రం తీశాక డోర్ ప్యాడ్ అంచు వెంబడి ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులను ఒక్కొక్కటిగా వదులు చేయాలి. ప్యాడ్ వెనక ఒక పలచటి ప్లాస్టిక్ షీటు జిగురుతో అంటించి ఉంటుంది, దాన్ని చింపకుండా వలవాలి. అద్దాన్ని పూర్తిగా పైకి నెట్టి, ఫ్రేము మీదుగా రెండు వైపులా వెడల్పు టేపు వేసి నిలబెట్టాలి. ఈ ఒక్క జాగ్రత్త మరిస్తే అద్దం తలుపులో పడి బద్దలవుతుంది. పక్క అద్దాలు టఫెన్డ్ గాజు కాబట్టి పగిలితే ఒక చీలికతో ఆగవు, ఆవగింజల్లా రాలిపోతాయి. తర్వాత సాధారణంగా పది నంబరు పానాతో మిషన్ బోల్టులు, అద్దం రేకు బోల్టులు విప్పి, మిషన్‌ను మడిచి తలుపులోని పెద్ద రంధ్రం గుండా బయటికి తీయాలి. రేకుల అంచులు కత్తుల్లా ఉంటాయి, చేతికి తొడుగులు లేకుండా లోపలికి చేయి పెట్టకూడదు.

బయటికొచ్చిన మిషన్ మీద గడియారం స్ప్రింగులా చుట్టిన పెద్ద స్ప్రింగు కనిపిస్తే దాన్ని ముట్టుకోకపోవడమే క్షేమం. అద్దం బరువును మోయడానికి బిగించి ఉంచిన స్ప్రింగు అది. రివెట్లు కొట్టి విప్పితే ఒక్కసారిగా విదిల్చి వేళ్లు నలగ్గొడుతుంది. మిషన్‌ను రిపేరు చేయడానికి పూనుకోకుండా మొత్తంగా మార్చుకోవాలి. అద్దమే మార్చాల్సి వస్తే దాని మూలన ముద్రించిన ఐఎస్ఐ గుర్తు చూసి కొనాలి. రంగు అద్దమైతే నిబంధన గుర్తుండాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 100వ నిబంధన ప్రకారం పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు రావాలి.

కొత్త మిషన్ బోల్టులన్నీ ముందు వదులుగా ఎక్కించి, అద్దాన్ని ఒకసారి పైదాకా తిప్పి, అది గాడిలో నిటారుగా కూర్చున్నాకే బిగించాలి. ముందే బిగిస్తే అద్దం వంకరగా నడుస్తుంది, కొత్త హ్యాండిల్ మీద పాత భారమే పడుతుంది. ప్యాడ్ మూసే ముందు తలుపు అడుగంచున ఉన్న చిన్న రంధ్రాలను పుల్లతో పొడిచి శుభ్రం చేయాలి. అద్దం మీద పడిన వాన నీళ్లు కొంత తలుపులోకి దిగడం మామూలే, అవి బయటికి పోయేది ఆ రంధ్రాల్లోంచే. మూసుకుపోతే నీరు నిలిచి మిషన్ తుప్పు పడుతుంది. వలిచిన ప్లాస్టిక్ షీటును కూడా తిరిగి అంచులంటా అంటించాలి. పనికిరాని కవరని పారేస్తే వానాకాలంలో కాళ్ల కింద మ్యాట్లు తడుస్తాయి. అన్నీ బిగించాక అద్దం మూసి బయటినుంచి ఒక బకెట్ నీళ్లు పోయాలి. నీళ్లు తలుపు అడుగునుంచి కారాలి, లోపల ప్యాడ్ కింది అంచు పొడిగా ఉండాలి.