చుక్క తర్వాత తెలుగు

గ్రంథాలయం కంప్యూటర్లో వెతికే పెట్టె ఒకటి ఉంటుంది. పుస్తకం పేరో రచయిత పేరో ముందే తెలిసినవాళ్లకు అది బాగానే పలుకుతుంది. ఏం కావాలో తెలియకుండా వచ్చినవాళ్లకు మాత్రం పొడుగాటి జాబితా ఒకటి ముందు పడేస్తుంది. బీరువాల మధ్య తిరిగే పాఠకుడికి ఈ తిప్పలు లేవు. ఏ వరస కిక్కిరిసి ఉందో, ఏ అర బోసిగా ఉందో నడుస్తూనే చూసేస్తాడు. ఆ చూపును తెర మీదికి తేవాలన్న సరదాతో నేనొక ప్రోగ్రాం రాశాను. పగలు బ్యాంకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తాను. ఇది రాత్రి పిల్లలు పడుకున్నాక చేసుకునే పని.

తెరవగానే ఒక పెద్ద దీర్ఘచతురస్రం, దాని నిండా గళ్లు. ఒక్కో గడి ఒక్కో విషయానిది. పుస్తకాలు ఎన్ని ఎక్కువుంటే గడి అంత పెద్దది. నొక్కితే అది తెరంతా పరుచుకుని లోపలి గళ్లు బయటపడతాయి. ‘నీటిపారుదల’ అని వెతికితే ఆ పుస్తకాలున్న గళ్లన్నీ రంగు మారతాయి. ఇంజనీరింగులో కొన్ని, వ్యవసాయంలో కొన్ని, చట్టంలో నదీజలాల తగాదాల దగ్గర కొన్ని, జీవితచరిత్రల్లో కాటన్ దొర దగ్గర ఇంకొన్ని. ఒకే విషయం ఎన్ని బీరువాల్లో చెల్లాచెదురై ఉందో ఇట్టే తెలిసిపోతుంది.

ఈ గళ్ల పద్ధతి నా సొంతం కాదు. 1990 ప్రాంతంలో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు బెన్ ష్నైడర్‌మన్ కనిపెట్టాడు. అక్కడ 14 మంది పంచుకునే 80 మెగాబైట్ల హార్డ్ డిస్క్ ఎప్పుడూ నిండిపోతుండేది. ఎవరి ఫైళ్లు ఎంత చోటు తింటున్నాయో పట్టుకోవడానికి ఆయన వేసిన బొమ్మ ఇది.

గళ్లలో పోసే సరుకు గ్రంథాలయాల దగ్గరే ఉంది. 1960లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్, పుస్తకాల వివరాలను కంప్యూటర్‌కెక్కించడానికి ‘మార్క్’ అనే పద్ధతి తయారుచేశారు. అందులో 100 దగ్గర రచయిత, 245 దగ్గర పుస్తకం పేరు, 650 దగ్గర విషయం, 082 దగ్గర విషయాన్ని బట్టి పుస్తకానికిచ్చే డ్యూయీ సంఖ్య ఉంటాయి. చాలా దేశాల గ్రంథాలయాలు ఈ గుర్తులే వాడతాయి కనుక ఒకచోటికి రాసిన ప్రోగ్రాం మరోచోటా పనిచేస్తుంది. సాధన చేయడానికి నాకు ‘ఓపెన్ లైబ్రరీ’ వెబ్‌సైటు పుస్తకాల జాబితా దొరికింది. దాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

నా ప్రోగ్రాంలో ఒక్కో నొక్కుకు డ్యూయీ సంఖ్యలో ఒక్కో అంకె విచ్చుకుంటుంది. అక్కడే అసలు సంగతి కంటపడింది. మెల్విల్ డ్యూయీ 1876లో అచ్చువేసిన ఈ వర్గీకరణలో సాహిత్యం 800 నుంచి మొదలవుతుంది. అమెరికా సాహిత్యం 810, ఇంగ్లిషు 820, జర్మన్ 830, ఫ్రెంచి 840... గ్రీకు 880 దాకా అన్నిటికీ తలా పది సంఖ్యలు. మిగిలిన లోకం మొత్తానికి 890. తెలుగు సాహిత్యం 894.827. అంటే చుక్క దాటితే గానీ మన నన్నయ, గురజాడ, చలం కనబడరు. ఇంగ్లిషు నవల 823, మూడు నొక్కులు. తెలుగు నవల 894.8273, ఏడు నొక్కులు. ఈ అంకెలు పుస్తకాల వీపు మీద ఎన్నేళ్లుగానో చూస్తున్నాను. వేలు నొప్పెట్టాక గానీ ఆ దూరం తెలిసిరాలేదు.

ప్రోగ్రాంను ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా ఇచ్చేశాను. నాకు తెలిసిన ఒక లైబ్రేరియన్ మేడమ్ తమ గ్రంథాలయం వాడే ‘కోహా’ సాఫ్ట్‌వేర్ నుంచి మార్క్ ఫైలు తీసి ఇందులో వేసుకున్నారు. ఆవిడ విషయాల గళ్ల జోలికే పోలేదు. నేరుగా రచయితల గళ్లు తెరిచారు. విశ్వనాథ సత్యనారాయణ ఒక గడిలో, సత్యనారాయణ విశ్వనాథ పక్క గడిలో, ఇంగ్లిషు అక్షరాల్లో మరో గడిలో తేలారు. “ఒక్కాయన్ని ముగ్గుర్ని చేశాం చూడండి సార్” అని నవ్వారు.

పోలిన పేర్లన్నిటినీ ప్రోగ్రామే కలిపేసేలా రాస్తానన్నాను. “వద్దండీ, శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి గారినీ శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారినీ కలిపేస్తుంది” అన్నారు. అందుకని ఇప్పుడది అనుమానమున్న పేర్లను పక్కపక్కన చూపించి ఊరుకుంటుంది. కలపాలో వద్దో లైబ్రేరియన్ తేలుస్తారు.

గడి పెద్దదైనంత మాత్రాన ఆ విషయం గొప్పదని అనుకోకూడదు. ఆ లెక్కలోకి ఎక్కిన పుస్తకాలు ఎక్కువ, అంతే. జాబితాకెక్కని పాత పుస్తకం బీరువాలో ఉన్నా బొమ్మలో ఉండదు.

మేడమ్ ఇంకో మాట కూడా అడిగారు: “తెలుగు నవలకు మొదటి నొక్కు 800 దగ్గరే ఎందుకు పడాలి సార్?” నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో ఏ గ్రంథాలయానికి ఆ గ్రంథాలయమే ఎంచుకోవచ్చు. ఆవిడ 894.827 పెట్టుకున్నారు. అక్కడ తెలుగు నవలకు ఒక్క నొక్కు చాలు.