ఎదుగుదల ఆలస్యమైన బిడ్డకు ఇంట్లో ఏం నేర్పాలి?

"వాళ్ల నాయనకు గూడ మాటలు లేటుగనే వచ్చినయి, వీనికి గూడ వస్తయిలే." ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో తరచు వినిపించే మాట ఇది. కొందరి విషయంలో నిజమే కావచ్చు. అయినా బిడ్డ 9 నెలలకు కూర్చోకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, 2 ఏళ్లకు రెండు మాటలు కలిపి అనలేకపోయినా ఎదురుచూడకుండా డాక్టరుకు చూపించండి. వినికిడి పరీక్ష, అవసరమైతే థైరాయిడ్ పరీక్ష చేయిస్తారు. పుట్టుకతో థైరాయిడ్ లోపమున్న బిడ్డకు మొదటి వారాల్లోనే మందు మొదలుపెడితే బుద్ధిమాంద్యాన్ని చాలావరకు తప్పించవచ్చు.

పుట్టగానే ఊపిరి అందకపోవడం, తీవ్రమైన కామెర్లు, నెలలు నిండకముందే కాన్పు, మెదడువాపు, జన్యులోపాలు - కారణాలు ఇలా అనేకం. చాలామందిలో కారణమే తేలదు. గ్రహణంనాడు బయటికి వచ్చావా, ఏ పాపం చేశావని తల్లిని నిలదీయడం మాత్రం అన్యాయం. ఆమెకు ఇప్పటికే చాలినంత బరువుంది.

సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో 1984లో ఎన్.ఐ.ఎం.హెచ్. అనే జాతీయ సంస్థ ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. బిడ్డకు ఏమి వచ్చు, తరువాత ఏమి నేర్పాలి అన్నది అక్కడ పరీక్షించి చెబుతారు. కానీ సాగర్ రోడ్డు మీదుగా నగరం దాటి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది. నెలకు ఒకసారి వెళ్లినా, మిగిలిన 29 రోజులూ నేర్పవలసింది ఇంట్లోనే.

అది ఎలాగంటే, పనిని చిన్న ముక్కలు చేయాలి. నిక్కరు తొడగడమే తీసుకోండి. కాళ్లు దూర్చి, మోకాళ్లు దాటించి, నడుము దగ్గరి వరకు మీరే లాగండి. చివరి జానెడు మాత్రం బిడ్డ చేతులమీద మీ చేతులు వేసి లాగించండి. లాగగానే మెచ్చుకోండి. కొన్ని రోజులకు మీ చేతులు తీసేయండి. తరువాత తొడల దగ్గరే ఆపండి, ఆపైన మోకాళ్ల దగ్గర. చివరి భాగం ముందు నేర్పితే ప్రతిసారీ "నేనే వేసుకున్నా" అన్న సంతోషం బిడ్డకు దక్కుతుంది. అన్నం తినడానికీ ఇదే పద్ధతి. నానమ్మ జాలిపడి తానే తినిపిస్తే ఈ శ్రమంతా వృథా, కాబట్టి ఆమెకూ చెప్పి ఒప్పించాలి!

సమగ్ర శిక్షా కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక ఉపాధ్యాయులు అక్కడ నేర్పుతారు, రాలేని పిల్లల ఇంటికి వస్తారు. మండల వనరుల కేంద్రంలో అడగండి. 2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యమున్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు.

"నా తరువాత వీణ్ణి ఎవరు చూస్తారు?" తల్లులు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, బిడ్డకు 18 నిండాక సంరక్షకుణ్ణి నియమించమని కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టవచ్చు. ఆ ట్రస్టుదే నిరామయ బీమా, ఏడాదికి లక్ష రూపాయల వరకు. అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్లతో ఈ మాట ఇప్పుడే మాట్లాడుకోండి.

సంఘంలో అలాంటి కుటుంబముంటే ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఆ బిడ్డను మీరు చూసుకోండి, ఆ తల్లి కాసేపు నిద్రపోతుంది.