టెలికమ్యూనికేషన్సు చదువు – మన పిల్లలకు ఏది అందుబాటు?

ప్లస్‌టూ ఫలితాలు వెలువడే మే నెల వచ్చిందంటే తొండియార్‌పేటలో మన తెలుగు కుటుంబాలవారు ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒకటే – పిల్లవాణ్ణి యే చదువులో చేర్పిస్తున్నారు అని. యీమధ్య ఆ మాటల్లో టెలికమ్యూనికేషన్సు ఇంజనీరింగు పేరు తరుచుగా వినవస్తున్నది. చేతిలో ఫోను లేని మనిషి లేడు గనుక ఆ చదువు చదివినవాడికి ఉద్యోగానికి కొదవ వుండదని పెద్దల ఊహ. ఊహ పూర్తిగా తప్పు కాదు గాని, కొంత సవరించుకోవలసినది వున్నది.

ఒకప్పుడు టెలిఫోను శాఖలో ఉద్యోగమంటే పెళ్ళిసంబంధాలకు కూడా పెద్ద అర్హత. ఆ రోజులు పోయినవి. ఇంటింటా ఫోనులు పెరుగుతూనే వున్నా, 2019లో ప్రకటించిన స్వచ్ఛంద విరమణ పథకం క్రింద బి.ఎస్.ఎన్.ఎల్. నుంచి సుమారు 78 వేలమంది ఒక్కసారిగా తప్పుకున్నారు. మనకు దగ్గరలోనే శ్రీపెరుంబుదూరులో 2006లో మొదలైన నోకియా ఫోనుల కర్మాగారం 2014లో మూతపడింది. ఫోను పేరు చెప్పుకుని ఉద్యోగాలిచ్చే చోటు వేరు, ఫోనును నడిపించే విద్య వేరు. యీనాడు సంపాదన వున్నది చిప్పుల రూపకల్పనలో, యంత్రాలలో ఇమిడివుండే ఎలక్ట్రానిక్సులో, నెట్‌వర్కులను నడిపే సాఫ్ట్‌వేరులో.

అందుచేత మేము చెప్పేదేమంటే, డిగ్రీ పేరులో 'టెలికమ్యూనికేషన్' అనే మాట వుండి తీరాలని పట్టుపట్టవద్దు. ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్, అంటే ఇ.సి.ఇ. తీసుకుంటే ఆ విద్యా వస్తుంది, మరి నాలుగు దారులూ తెరచి వుంటవి. కేంద్ర సర్వీసు కమిషను నడిపే ఇంజనీరింగు సర్వీసు పరీక్షలో ఎలక్ట్రానిక్స్, టెలికమ్యూనికేషన్ విభాగం ప్రత్యేకంగా వున్నది. దానికి యీ డిగ్రీ చాలు. గేట్ పరీక్షలో నెగ్గి ఎం.టెక్.లో చేరితే నెలకు 12,400 రూపాయల భృతి కూడా వస్తుంది.

ఇక ఖర్చు మాట. యిక్కడే మనవారు తొందరపడి నగలు తాకట్టు పెడుతున్నారు. తమిళనాడులో ఇంజనీరింగుకు ప్రవేశపరీక్ష లేదు. ప్లస్‌టూ గణితానికి నూరు, భౌతికశాస్త్రానికి యాభై, రసాయనశాస్త్రానికి యాభై – మొత్తం 200కు లెక్కవేసి కౌన్సెలింగులో సీటు ఇస్తారు. భాషకు వచ్చిన మార్కులు ఆ లెక్కలోకి రావు గనుక తెలుగు చదివినందువల్ల పిల్లవాడు వెనుకబడతాడన్న భయం అక్కరలేదు. 2017లో ప్రైవేటు కళాశాలల కౌన్సెలింగు సీట్లకు ఏడాదికి 50 వేలు, గుర్తింపు పొందిన కోర్సులకు 55 వేలు రుసుముగా నిర్ణయించారు. యాజమాన్యపు సీట్లకు 85 వేలు. తరువాతి మార్పులు ఆ యేటి వివరపత్రికలో చూచుకోవాలి. కాగితం మీది అంకె అది. యాజమాన్యపు సీటుకు ఆ పైన అడిగేది ఎంతో తల్లిదండ్రులకు తెలియనిది కాదు.

మార్కులు బాగా వచ్చిన బిడ్డ ముందుగా గిండీ కళాశాలనూ, క్రోంపేట ఎం.ఐ.టి.నీ కోరుకోవాలి. గిండీది 1794లో సర్వే పాఠశాలగా పుట్టిన సంస్థ, క్రోంపేటది 1949 నాటిది. రెండూ అన్నా విశ్వవిద్యాలయానివే. రెంటిలోనూ ఇ.సి.ఇ. వున్నది, రుసుము ప్రైవేటువాటికంటె తక్కువ. పైగా 2021 ఫిబ్రవరిలో మన పేటకు మెట్రో వచ్చిన తరువాత బండి మారకుండా గిండీ చేరవచ్చు. అక్కడే ఎలక్ట్రిక్ రైలెక్కితే క్రోంపేట. నాలుగేళ్ళ హాస్టలు ఖర్చు, భోజనం ఖర్చు మిగిలితే అది చిన్న మొత్తం కాదు. అమ్మ చేతి చద్దన్నానికి బిల్లు లేదు గదా!

నెల్లూరులోనో విజయవాడలోనో వున్న బంధువులు ఆప్యాయంగా "మా దగ్గరికి పంపండి" అంటారు. అక్కడి కన్వీనరు సీట్లలో 85 శాతం స్థానికులకే. మద్రాసులో చదివిన మన పిల్లలు అక్కడ స్థానికులు కారు. కడకు యాజమాన్యపు సీటే గతి.

పదవ తరగతితోనే పాలిటెక్నిక్‌లో చేరే దారిని మనవారు చిన్నచూపు చూస్తారు. లెక్క వేసి చూడండి: డిప్లొమా మూడేళ్ళు, ఆపైన నేరుగా బి.ఇ. రెండవ సంవత్సరంలో ప్రవేశించి మూడేళ్ళు. ప్లస్‌టూ దారిలోనూ ఆరేళ్ళే! మధ్యలో ఇబ్బంది వచ్చి ఆగినా చేతిలో డిప్లొమా మిగులుతుంది. కుటుంబభారం మోసే పిల్లలకు మరొకటి: మద్రాసు ఐ.ఐ.టి. 2023లో ఎలక్ట్రానిక్ సిస్టమ్స్‌లో బి.ఎస్. డిగ్రీ ప్రారంభించింది. ఉద్యోగం చేసుకుంటూ చదవవచ్చు, ఆదాయాన్నిబట్టి రుసుములో రాయితీ వున్నది. అయితే అది బి.ఇ. కాదు, ఆ తేడా తెలిసే చేరాలి. పెద్దవారు కొందరు ఇంకా చెప్పే ఎ.ఎం.ఐ.ఇ.టి.ఇ. పరీక్షకు మాత్రం 2013 మే 31 తరువాత చేరినవారికి డిగ్రీతో సమానహోదా లేదు.

ఇంట్లో తాత, అవ్వ, తల్లి, తండ్రి, తోబుట్టువులు – ఒక్కరూ పట్టభద్రులు కాకపోతే, మొదటి పట్టభద్రుడని తహసీల్దారు ఇచ్చే పత్రంతో కౌన్సెలింగు సీటుకు ట్యూషను రుసుములో రాయితీ వస్తుంది. ఫలితాలు వచ్చాక అందరూ ఒకేసారి ఆ కార్యాలయం ముందు నిలబడతారు. మార్చిలో పరీక్షలు ముగియగానే ఆ దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.