నేలలోని యినుము – సూక్ష్మజీవుల మితవ్యయము

ఇనుము లేని నేల లేదు. భూమి పైపొరలో తూకమున నూటికి ఇంచుమించు 5 వంతులు ఇనుమే. ఎర్రనేలల యెరుపు దానిదే. ఐనను సున్నపుపాలు హెచ్చుగా నున్న నేలలలో వేరుసెనగ వేసిన రైతు, లేతయాకులు పసుపుబారి ఈనెలు మాత్రము పచ్చగా నిలుచుటను తరచుగా చూచుచున్నాడు. లోపము ముదిరినచో ఆకంతయు తెల్లబారును. ఇది ఇనుపధాతువు చాలకపోవుటవలన కలుగు చిహ్నము. చుట్టును ఇనుము నిండియుండగా పైరు ఇనుమునకే అలమటించుటేమి? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినయెడల, మనము సొమ్మిచ్చి కొని పొలమున వేయు సూక్ష్మజీవుల పొడి యెందువలన పనిచేయునో, ఏ సందర్భమున దాని బలము తగ్గునో కూడ తెలియగలదు. కావుననే యీ విషయమును మా సభ్యుల ముందుంచుచున్నాము.

ఆరుబయట వదలిన నాగలికర్రు తుప్పుపట్టుట మనమెల్లరమెరిగినదే. నేలలోని యినుము కూడ గాలి తగిలి అట్టి తుప్పు రూపముననే యుండును. తుప్పు నీటిలో కరగదు. పులుపుగాని చవుడుగాని లేని సాధారణపు నీటిలో, గాలి సోకినపుడు, విడిగా కరగియుండు ఇనుము, సూక్ష్మజీవి పెరుగుటకు కావలసినదానిలో ఇంచుమించు లక్షకోట్లవ వంతు మాత్రమేయని రసాయనశాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. సున్నపునేలలలో ఈ కరవు మరింత హెచ్చు. కొట్టు నిండ ధాన్యముండి, తాళపుచెవి దొరకని యింటి స్థితియే ఇది.

ఈ తాళమునకు బాక్టీరియా యను సూక్ష్మజీవులు చెవిని కల్పించుకొన్నవి. ఇనుము చాలనపుడు అవి తమ శరీరమునుండి యొక చిన్న పదార్థమును తయారుచేసి వెలుపలికి వదలును. దానిని శాస్త్రజ్ఞులు సిడరోఫోరు అందురు. గ్రీకుభాషలో ఇనుమును మోయునదియని దాని యర్థము. ఇది తుప్పునుండి ఇనుమును పట్టి విడదీసి, గట్టిగా కౌగిలించుకొని తిరిగివచ్చును. బాక్టీరియా పైపొరపై దానికే తగిన ద్వారములుండును. వాటిగుండ ఇనుము లోనికి చేరును. బూజులు కూడ ఇట్టి పదార్థములను చేయును. 1952లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున నీలాండ్సు అను శాస్త్రజ్ఞుడు, కాటుకతెగులు జాతికి చెందిన యొక బూజునుండి ఇట్టి పదార్థమును స్ఫటికరూపమున వేరుచేసెను.

అయితే ఇనుమును తెచ్చుకొనుట యెంత యవసరమో, చాలినపుడు ఆపుట అంత యవసరము. ఇందులకు రెండు కారణములు కలవు. సిడరోఫోరును చేయుటకు జీవి తన యాహారమును, శక్తిని వ్యయపెట్టవలయును. ఇది మొదటిది. రెండవది మరింత ముఖ్యము: శరీరములో విడిగా తిరుగు ఇనుము మితిమీరినచో, ప్రాణవాయువునుండి పుట్టు కొన్ని పదార్థములతో కలిసి తీవ్రమైన విషమును పుట్టించి, జీవియొక్క మూలపదార్థమునే చెడగొట్టును. లేకున్న ఆకలి, హెచ్చినచో విషము.

కాబట్టి బాక్టీరియా లోపల నొక కాపరి కలదు. అది 'ఫర్' అను పేరుగల మాంసకృత్తు. కాలువపై లస్కరు పొలమునకు నీరు చాలినదని చూచి తూము మూయునట్లు, లోపల ఇనుము చాలినపుడు ఈ కాపరి ఆ యినుమునే కొంత పట్టుకొని, సిడరోఫోరులను ద్వారములను చేయించు జన్యువుల మొదట కూర్చుండి వాటిని పనిచేయనీయదు. ఇనుము తరిగినపుడు కాపరి చేతిలోని యినుము జారిపోవును. అది స్థానము విడుచును. పని మరల మొదలగును. కొలతసాధనము, తలుపు రెండును ఒకటియే యగుట ఇందలి విశేషము. 1981లో జర్మనీదేశపు హాంట్కే యను శాస్త్రజ్ఞుడు, పేగులలో నివసించు ఎషెరిషియా కోలై బాక్టీరియాలో, ఎంత ఇనుమున్నను ఈ పని మానని యొక రకమును వేరుచేసి ప్రకటించెను. కాపరి చెడిన జీవి యెట్లుండునో దానివలన తెలిసినది. అన్ని బాక్టీరియాలకును ఈ కాపరియే యుండదు. కొన్నిటిలో వేరు మాంసకృత్తులీ పని చేయును. నీతి మాత్రమొక్కటే.

కరవు కాలమున బాక్టీరియా రాబడిని వెదకుటతో ఊరకుండదు. ఖర్చును కూడ తగ్గించును. ఇనుము లేనిదే పనిచేయని మాంసకృత్తులలో అత్యవసరము కానివాటి తయారీని నిలిపివేయు చిన్న పదార్థమొకటి దానిలో కలదని, 2002లో అమెరికాలో మాసే, గాట్స్‌మన్ అను శాస్త్రజ్ఞులు తెలియజేసిరి.

ఇక మన పొలమునకు వత్తము. సూడోమోనాస్ అను బాక్టీరియాలలో కొన్ని జాతులు వేరుచుట్టును నివసించి, ఇనుము చాలనపుడు పసుపుపచ్చని కాంతిగల సిడరోఫోరును వెలువరించును. అది చుట్టునున్న కొద్ది ఇనుమును ముందుగా పట్టివేయుటచే, వేరుకు తెగులు కలిగించు బూజులకు ఇనుము దక్కదు. 1980లో కాలిఫోర్నియాలో క్లోపర్, లియాంగ్, టెయింట్జ్, ష్రోత్ అనువారు ఈ సంగతిని పరీక్షలతో నిరూపించిరి. నేలకు కరగెడి యినుమును చేర్చినపుడు ఆ రక్షణ తొలగిపోవుటను కూడ వారు చూచిరి. కడుపునిండిన బాక్టీరియా సిడరోఫోరును చేయుట మానును గదా! అయితే ఈ జీవులకు ఇదియొక్కటే ఆయుధము కాదు. తెగుళ్లను చంపు వేరు పదార్థములను కూడ కొన్ని రకములు చేయును.

సహకారులకు వినదగిన మాట మరియొకటి. వెలుపలికి వదలిన సిడరోఫోరు ఉమ్మడి సొత్తు. తాము చేయక, ఇతరులు చేసినదానితో ఇనుము పొందు బాక్టీరియాలు కూడ కలవు. 2004లో బ్రిటనులో గ్రిఫిన్, వెస్ట్, బక్లింగ్ అనువారు సూడోమోనాస్‌లోని యొక జాతిపై చేసిన పరీక్షలలో, రెండు రకములును కలిసియున్నచోట ఖర్చు పెట్టనివి ముందుకు పోయినవి. అన్నియు అట్టివే యైన గుంపులు మాత్రము ఇనుము లేక క్షీణించినవి. చందా చెల్లింపక అప్పు మాత్రము కోరువారు హెచ్చిన సంఘముల గతి మన సభ్యులకు వేరుగ చెప్ప నక్కరలేదు.

దీనినుండి రైతులు గ్రహింపవలసినవి: సున్నపునేలలో వేరుసెనగ పసుపుబారినచో, అన్నభేదిని నేలలో గుమ్మరించుట వ్యర్థము, అది త్వరలోనే తుప్పుగా మారును. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, అప్పటికప్పుడు ఆకులపై చల్లవలెను. లక్షణములు తగ్గనియెడల వారము దినముల పిమ్మట మరల చల్లవలెను. సూడోమోనాస్ పొడిని కిలో విత్తనమునకు 10 గ్రాముల చొప్పున పట్టించుటగాని, చివికిన పశువులయెరువుతో కలిపి నేలకు చేర్చుటగాని మంచిది. దానిని అన్నభేదితో ఒకే నీటిలో కలుపకుండుట మేలు. కొనునపుడు గడువు తేదీని తప్పక చూడవలెను. చచ్చిన బాక్టీరియా యే యినుమును తేజాలదు.

ఈ విధముగ చేసి చూచిన సభ్యులు తమ పొలములయందలి ఫలితములను, నేల రకమును తెలుపుచు మాకు వ్రాసినచో ఇతరులకు ఉపకారము చేసినవారగుదురు.