హిందూ, క్రైస్తవ పవిత్ర గ్రంథముల పోలిక

హిందువులకు వేదములు, క్రైస్తవులకు బైబిలు పరమ ప్రమాణములు. రెండింటిని పోల్చునపుడు ఒకదాని కొలతతో మరొకదానిని కొలువరాదు.

స్వరూపము

వేదములు నాలుగు. ఇవి శ్రుతులు, అనగా గురుముఖమున విని నేర్చినవి. మీమాంసకుల మతమున అపౌరుషేయములు, అనగా ఎవరి రచనయు కావు. బైబిలు ప్రొటెస్టంటులకు 66, కాథలిక్కులకు 73 గ్రంథముల సంపుటి. దైవప్రేరణచే మనుష్యులు దానిని వ్రాసిరని క్రైస్తవుల విశ్వాసము. భగవద్గీతను "హిందువుల బైబిలు" అనుట వాడుకలో ఉన్నను సరికాదు. 700 శ్లోకముల గీత మహాభారతమున భీష్మపర్వములోని భాగము. సంప్రదాయమున భారతము స్మృతియే గాని శ్రుతి కాదు.

తెలుగునాట

శ్రీ సత్యసాయి జిల్లాలో (2022 వరకు అనంతపురం జిల్లా) హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణములలో ఉభయ మతస్థులు ఉన్నారు. హిందూపురం చేరువనున్న లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పున 16వ శతాబ్దపు చిత్రములలో ద్రౌపదీ స్వయంవరము, కిరాతార్జునీయము కలవు. అక్షరము రానివారికి ఇవియే గ్రంథములు.

కర్ణాటక మిషన్‌కు చెందిన ఫ్రెంచి జెస్యూట్ కాల్మెట్ 1730లలో వేదముల ప్రతులు సంపాదించి పారిస్‌లోని రాజ గ్రంథాలయమునకు పంపెను. వాదమున వాటిని వాడుకొనుట కూడ ఆయన ఉద్దేశములలో ఒకటి. ఇందుకు భిన్నముగా గుర్రం జాషువా తెలుగు పురాణ కవులు వాడిన పద్యరీతిలోనే "క్రీస్తు చరిత్ర" రచించెను. ఈ కావ్యమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.