కొనిన పాటకు తాళము

తండ్రి కొనిన గ్రామఫోను రికార్డును కుమారుడు నిరాటంకముగా వినవచ్చును. కంప్యూటరు ద్వారా కొనిన పాట యట్టిది కాదు.

2003 ఏప్రిలు 28వ తేదీన ఆపిల్ కంపెనీవారు అమెరికాలో ఐట్యూన్సు అను పాటల యంగడిని తెఱచి, పాట యొక్కింటికి 99 సెంట్లు వెల పెట్టిరి. ప్రతి పాటకును ఫెయిర్‌ప్లే యను తాళము వేయబడెను. కొనినవాని ఖాతాయే దానికి తాళపుచెవి. కావున పాత పాస్‌వర్డు మఱచి క్రొత్త ఖాతా తెఱచినవానికి, పాత ఖాతా యనుమతి పొందని కంప్యూటరులో పాట యున్నను వినబడదు. ఏలయన, అతడు వెలయిచ్చి పొందినది పాటపై స్వామ్యము కాదు. వినుట కనుమతి మాత్రమే. ఈ సంగతి యొడంబడికలో వ్రాసియే యుండును గాని, దానిని తుదివఱకు చదువువా రెందఱు?

2009లో క్రొత్తగా అమ్ము పాటలకు తాళము తీసివేసిరి. పూర్వము కొనినవారు మాత్రము పాటకు 30 సెంట్లు మరల చెల్లించి, తమ పాటను తామే విడిపించుకొనవలసి వచ్చెను! ఒక ఖాతాలోని కొనుగోళ్లను వేఱొక ఖాతాకు మార్చు వీలు 2025 ఫిబ్రవరిలో గాని కలుగలేదు. అప్పుడును భారతదేశమువారికి దాని నీయలేదు.

తాళమున్న పాటలను సీడీపై కెక్కించుకొనుట కనుమతి మొదటినుండియు నుండెను. ఆ శ్రమ కోర్చినవారి పాటలు ఖాతా పోయినను నిలిచినవి.