ఇంధనపు గొట్టంలో ఆగిన ప్రయాణాలు

ప్లేనోలో వేసవి ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, తాళం తిప్పగానే మన కారు కదులుతుంది. తొలి మోటారు కార్లకు ఈ భరోసా లేదు. ఇంజను ఎంత బలమైనదైనా, ఇంధనం పరిశుభ్రంగా, ఎడతెగకుండా అందనిదే అది నిర్జీవమే.

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కుమారులతో, భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రాల వాహనంలో జర్మనీలోని మన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించారు. దారిలో ఇంధనపు గొట్టం పూడుకొనిపోగా, తన టోపీ సూదితో పొడిచి శుభ్రపరిచారు. నాడు పెట్రోలు బంకులు లేవు. వీస్లోఖ్‌లోని మందుల దుకాణంలో లిగ్రోయిన్ అనే ద్రావకాన్ని కొని ఇంధనంగా వాడారు.

మలినం మొదటి శత్రువైతే, రెండవది వేడిమి. పెట్రోలు సులభంగా ఆవిరి అవుతుంది. దహనానికి తోడ్పడే ఆ గుణమే గొట్టంలో ఆటంకమవుతుంది. ఇంజను వేడికి గొట్టంలోనే పెట్రోలు మరిగితే, పంపు ద్రవానికి బదులు ఆవిరిని పీలుస్తుంది, బండి ఆగిపోతుంది. దీనినే ‘వేపర్ లాక్’ అంటారు. కార్బురేటరు కార్లను ఇది దీర్ఘకాలం వేధించింది.

దీనికి విరుగుడు మన వంటింటి ప్రెషర్ కుక్కరు సూత్రమే. పీడనం పెరిగితే ద్రవం మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. నేటి పెట్రోలు కార్లలో విద్యుత్ పంపు ట్యాంకులోనే ఉండి, ఇంధనాన్ని అధిక పీడనంతో ముందుకు నెడుతుంది. బెర్తా సూదికి పని లేకుండా ఫిల్టరు మలినాన్ని ఆపుతుంది.

అయితే ఆ పంపును చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే. కనుక టెక్సాస్ వేసవిలో ట్యాంకు అడుగంటే వరకు కారు నడపకుండుట శ్రేయస్కరం.